క్వీన్‌కు మొదటి టీవీ అవకాశం నిజంగా అదృష్టం కొద్దీ వచ్చిందా?

గిటారు చైతన్య

అందరికీ నమస్కారం. కాకినాడలో ఉంటాను, గిటారు నేర్చుకుంటున్నాను. బ్రిటన్ రాక్ బృందం క్వీన్ మీద కొన్నేళ్ల కిందట వచ్చిన సినిమాను మొన్న ఇంట్లో అందరం కలిసి చూశాం. అందులో బృందం ఇట్టే తయారైపోతుంది. పాత గాయకుడు మానేసి వెళ్లిన రాత్రే ఫ్రెడ్డీ మెర్క్యురీ వచ్చి చేరతాడు. మొదటి ప్రదర్శనకే నలుగురూ సిద్ధంగా ఉంటారు. ఆ తర్వాత కాసేపటికే బీబీసీ టీవీలో ‘కిల్లర్ క్వీన్’ పాడుతుంటారు, అదీ రికార్డు వేసి పెదవులు కదపడమే.

సినిమా అన్నాక ఎంతో కొంత కుదిస్తారని తెలుసు. ఎంత కుదించారో చూద్దామని వెతికితే అంతా గందరగోళంగా ఉంది. టీవీలో వాళ్ల మొదటి పాట అది కాదట. 1974లో డేవిడ్ బోవీ అనే ఇంగ్లిష్ గాయకుడి పాట రావలసిన చోట వీళ్లను పెట్టారట. ఆ కార్యక్రమం వీడియో మాత్రం నాకు ఎక్కడా దొరకలేదు.

అసలు ఈ నలుగురూ ఎప్పుడు, ఎలా కలిశారు? బోవీ సంగతి నిజమేనా? అంత పెద్ద బృందం మొదటి కార్యక్రమం బీబీసీ లాంటి సంస్థ దగ్గర లేకపోవడం ఏమిటి? నాతో పాటు నేర్చుకునే మిత్రుడు ‘అంతా అదృష్టం, ఆ ఒక్క సాయంత్రం లేకపోతే క్వీనే లేదు’ అంటున్నాడు. నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. తెలిసినవారు కాస్త వివరంగా చెప్పండి.

ఫెల్తమ్ శైలజ

చైతన్య గారూ, టీవీ సంగతులు చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. నేను ఊరి సంగతి చెబుతాను. పెళ్లయి లండన్ పడమటి వైపు ఫెల్తమ్‌కు వచ్చాక తెలిసింది, ఫ్రెడ్డీ వాళ్ల ఇల్లు మా పక్కపేటేనని. గ్లాడ్‌స్టన్ అవెన్యూలో 22వ నంబరు. ఇరువైపులా అలాంటి ఇళ్లే వరసగా ఉంటాయి, చూడగానే ప్రత్యేకంగా అనిపించేది ఏమీ లేదు. 2016లో గోడకు నీలం ఫలకం పెట్టారు. దాన్ని క్వీన్ గిటారిస్టు బ్రయన్ మే స్వయంగా వచ్చి ఆవిష్కరించాడు. హీత్రో విమానాశ్రయం దగ్గరే కాబట్టి విమానాల మోత ఇప్పటికీ ఉంటుంది. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు ఆ ఇల్లు చూపిస్తే, ‘ఇంత చిన్న ఇంట్లోనా?’ అన్నారు.

ఫ్రెడ్డీ అసలు పేరు ఫరూఖ్ బుల్సారా. జాంజిబార్‌లో పుట్టిన పార్సీ. చదువు మన దేశంలోనే, పంచగనిలోని సెయింట్ పీటర్స్ బడి హాస్టల్లో. అక్కడ పిల్లలతో కలిసి ‘ది హెక్టిక్స్’ అనే బృందం పెట్టి పియానో వాయించేవాడు. 1964లో జాంజిబార్‌లో విప్లవం వచ్చాక ఆ కుటుంబం ఫెల్తమ్ చేరింది. తర్వాత ఈలింగ్ ఆర్ట్ కాలేజీలో గ్రాఫిక్ డిజైన్ చదివాడు. మీ ప్రశ్నకు సంబంధించిన ముడి ఇక్కడే ఉంది. ఆ కాలేజీలో ఆయన తోటి విద్యార్థి టిమ్ స్టాఫెల్. బ్రయన్ మే, డ్రమ్స్ వాయించే రోజర్ టేలర్‌లతో కలిసి ‘స్మైల్’ అనే బృందంలో పాడేది ఆ టిమ్మే. కాబట్టి ఆ రాత్రికి ఆ రాత్రి ఎక్కడినుంచో ఊడిపడిన మనిషి కాదు ఫ్రెడ్డీ. స్మైల్ కచేరీలకు వచ్చి, ఇలా నిలబడాలి, అలాంటి బట్టలు వేసుకోవాలి అని సలహాలు ఇస్తూ ఎన్నాళ్లో వాళ్ల వెంట తిరిగాడు.

టేపుగది మూర్తి

చైతన్య గారూ, ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక టీవీ కేంద్రంలో టేపుల మధ్యే బతికినవాణ్ణి. పాట ఎంత గొప్పదన్న చర్చ మా గదిలో వచ్చేది కాదు. ‘ఏడున్నర తర్వాత నాలుగు నిమిషాలు ఏముంది?’ అన్నదే చర్చ. ఏమీ లేకపోతే ఏదో ఒకటి తెచ్చి పెట్టాలి. తెర నల్లబడితే మరునాడు సంజాయిషీ రాయాలి. ఆ అలవాటు కొద్దీ కాబోలు, క్వీన్ తొలి రోజుల కథ చదివినప్పుడల్లా నాకు కనబడేవి ఖాళీలే. ఎవరి దగ్గరో ఒక ఖాళీ పడింది, వీళ్లు అందులో దూరారు. మీ మిత్రుడు ఒక ఖాళీని మాత్రమే లెక్కపెట్టి అదృష్టం అంటున్నాడు.

ముందు బృందం సంగతి. టిమ్ స్టాఫెల్ 1970లో స్మైల్ వదిలి వెళ్లాడు. ఆయన గాయకుడే కాదు, బేసు గిటారు కూడా ఆయనదే. అంటే ఒకేసారి రెండు ఖాళీలు. గాయకుడి ఖాళీ వెంటనే నిండింది, ఫ్రెడ్డీ ఎప్పటినుంచో కాచుకుని ఉన్నాడు కాబట్టి. బేసు ఖాళీయే తేలలేదు. 1970 జూన్ 27న కార్న్‌వాల్‌లోని ట్రూరో ఊళ్లో, రెడ్ క్రాస్ నిధుల కోసం రోజర్ టేలర్ వాళ్ల అమ్మగారు పెట్టించిన కచేరీలో ఫ్రెడ్డీ వీళ్లతో మొదటిసారి పాడాడు. ఒప్పుకున్నది స్మైల్ పేరు మీద కాబట్టి ప్రకటనలో అదే పేరు. ఆ రోజు బేసు వాయించింది మైక్ గ్రోస్. తర్వాత బారీ మిచెల్ వచ్చి కొన్ని నెలలు ఉండి వెళ్లిపోయాడు. తర్వాత డగ్ బోగీ అనే ఆయన రెండు కచేరీలకే సరి. 1971 మొదట్లో జాన్ డీకన్ దొరికాడు. చెల్సియా కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదువుతున్న పిల్లవాడు, నలుగురిలో అందరికన్నా చిన్న. పెద్దగా మాట్లాడడు. పాడైన ఆంప్లిఫయరు ఇస్తే విప్పి బాగుచేసి ఇస్తాడు. అలాంటి మనిషి ఉంటే బృందం సగం కష్టాలు తీరినట్టే అని మా బోటి సాంకేతిక సిబ్బంది అభిప్రాయం. నాలుగో మనిషి కోసం ఇంచుమించు ఏడాది పట్టింది. సినిమాలో దాన్ని ఒక్క కోతతో దాటేశారు.

మీరు గిటారు వాయిస్తారు కాబట్టి ఒక మాట. బ్రయన్ మే చేతిలోని ఆ ఎర్ర గిటారు కొన్నది కాదు. ఆయనా, ఆయన తండ్రీ 1963 నుంచి రెండేళ్లు కూర్చుని ఇంట్లో తయారు చేసుకున్నారు. మెడకు పాత నిప్పుగూడు పై చెక్క, తీగలను లాగి వదిలే మీటకు పాత మోటారు సైకిలు వాల్వు స్ప్రింగులు. మీటేది ఆరు పెన్నీల నాణెంతో.

ఇక స్టూడియో. 1971లో లండన్‌లో డీ లేన్ లీ అనే స్టూడియో వాళ్లు వెంబ్లీలో కొత్త భవనం కట్టుకున్నారు. గోడలు శబ్దం ఆపుతున్నాయా, ఒక గదిలో మోత పక్క గదిలోకి వెళుతోందా అని చూడాలంటే గట్టిగా వాయించే బృందం ఒకటి కావాలి. క్వీన్ వెళ్లి ఊదరగొట్టింది. ప్రతిఫలంగా వాళ్ల పాటలు ఉచితంగా రికార్డు చేసి ఇచ్చారు. స్టూడియోల్లో వీళ్లకు దొరికిన మొదటి ఖాళీ అది. ఆ టేపు విన్నవాళ్ల ద్వారా సోహోలోని ట్రైడెంట్ స్టూడియో వాళ్లు వీళ్లను చేరదీశారు. అయితే మంచి గంటలన్నీ డబ్బిచ్చే పెద్ద కళాకారులవి. వాళ్లు లేచి వెళ్లిన తర్వాత మిగిలే రాత్రి గంటలు వీళ్లవి. మొదటి ఆల్బమ్‌లో చాలా భాగం అలా ఎవరికీ అక్కర్లేని గంటల్లో తయారైంది. 1973 జూలైలో ఈఎంఐ అనే రికార్డు కంపెనీ దాన్ని విడుదల చేసే నాటికి ఆ పాటలు వాళ్లకే పాతబడిపోయాయి.

ఆ జూలైలోనే టీవీ కథ మొదలు. బీబీసీ రెండో ఛానెల్లో రాత్రి పొద్దుపోయాక ‘ఓల్డ్ గ్రే విజిల్ టెస్ట్’ అని ఒక కార్యక్రమం వచ్చేది. చిన్న స్టూడియో, వెనక ఉత్త గోడ, అలంకారాలు లేవు. స్టూడియోకు రాలేని బృందం పాట నచ్చితే, రికార్డు వేసి దాని మీద ఏదైనా పాత నలుపు తెలుపు ఫిల్ము ఆడించేవారు. నిర్మాత మైక్ ఆపిల్టన్ బల్ల మీదికి పేరూ ఊరూ లేని తెల్ల లేబులు రికార్డు ఒకటి వచ్చింది. పాట నచ్చింది, ఎవరిదో తెలియదు. సరే అని ఒక పాత రైలు బొమ్మల ఫిల్ముకు జతచేసి ప్రసారం చేసేశారు. అది ‘కీప్ యువర్‌సెల్ఫ్ అలైవ్’, వీళ్ల మొదటి సింగిల్, అంటే ఒక్క పాటగా అమ్మే రికార్డు. ఎవరిది, ఎవరిది అని జనం ఫోన్లు చేశాక పేరు బయటపడింది. అంటే క్వీన్ టీవీ మీదికి మొదటిసారి వచ్చినప్పుడు తెర మీద వాళ్ల మొహాలు లేవు, ఒక రైలు ఉంది. నాకు ఈ ముక్క చాలా ఇష్టం. రైలు ఫిల్ము ఎంత నిడివి ఉందో, పాట ఎంత నిడివి ఉందో గడియారం పట్టుకుని చూసి జత కుదిర్చిన ఎడిటర్ ఎవరో గానీ ఆయన పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు.

ఇంత జరిగినా ఆ సింగిల్ అమ్మకాల చార్టుల దరిదాపులకు రాలేదు.

బోవీ సంగతి నిజమే. బీబీసీ ఒకటో ఛానెల్లో గురువారం సాయంత్రం వచ్చే ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ కోటి మందికి పైగా చూసే కార్యక్రమం. 1974 ఫిబ్రవరి బ్రిటన్‌లో మామూలు నెల కాదు. బొగ్గు గని కార్మికుల సమ్మె, కరెంటు పొదుపు కోసం ఫ్యాక్టరీలు వారానికి మూడు రోజులే, పైగా 28న ఎన్నికలు. ఆ వారం బోవీ కొత్త పాట ‘రెబెల్ రెబెల్’ ఫిల్ము రావలసి ఉంది. అందలేదు. మూడు నాలుగు నిమిషాలు ఖాళీ. ఈఎంఐ మనిషి క్వీన్ పేరు చెప్పాడు. హడావిడిగా బుధవారం చిత్రీకరణ, 21వ తేదీ గురువారం ప్రసారం. పాట ‘సెవెన్ సీస్ ఆఫ్ రై’. రికార్డు అప్పటికి ఇంకా అంగళ్లలో లేదు, రెండు రోజుల తర్వాత 23న వచ్చింది. చార్టులో పదో స్థానం దాకా ఎక్కింది. ఫ్రెడ్డీ దగ్గర టీవీ లేక, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో టీవీలు అమ్మే అంగడి అద్దం ముందు నిలబడి తనను తాను చూసుకున్నాడని చెబుతారు.

పెదవులు కదపడం గురించి అడిగారు. అక్కడ నియమం ఇది: సంగీతకారుల సంఘానికీ బీబీసీకీ ఒప్పందం ఉండేది. అంగట్లో అమ్మే రికార్డును అలాగే వేసి నటించడానికి వీల్లేదు. కార్యక్రమం కోసం పాటను మళ్లీ కొత్తగా వాయించి టేపు చేయాలి, స్టూడియోలో ఆ టేపుకు నటించాలి. నెలల తరబడి చేసిన పాటను కొన్ని గంటల్లో మళ్లీ చేయాలంటే ఎవరి తరం? సంఘం మనిషిని అలా కాఫీకి తీసుకెళ్లి, ఈలోగా పాత టేపునే కొత్తదని అప్పగించిన ఉదంతాలు ఆ రోజుల్లో కోకొల్లలు. తెలిసీ తెలియనట్టు ఊరుకునేవారు. ప్రతి ఆఫీసులోనూ ఇలాంటి నియమం ఒకటి ఉంటుంది.

ఇక వీడియో ఎందుకు లేదన్నది. చెరిపేశారు, అంతే. కక్షేమీ లేదు. ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ మొదటి పన్నెండు పదమూడేళ్ల ఎపిసోడ్లలో చాలావాటి గతి అదే. రెండంగుళాల వీడియో టేపు చాలా ఖరీదు. ఒక కార్యక్రమాన్ని మళ్లీ మళ్లీ వేయడానికి సంఘాల ఒప్పందాలు ఒప్పుకునేవి కావు. వేయడానికి వీల్లేని టేపును బీరువాలో పెట్టుకుంటే ఎవరికి లాభం? ఇళ్లలో వీడియో కొనుక్కుని చూసే రోజు వస్తుందని అప్పుడు ఎవరికి తెలుసు?

నేను కూడా చెరిపాను కాబట్టి చెబుతున్నాను. దానికొక యంత్రం ఉండేది. ముందు చేతి గడియారం తీసి దూరంగా పెట్టాలి, లేకపోతే అది మళ్లీ నడవదు. రీలును యంత్రం పళ్లెం మీద పెట్టి మీట నొక్కితే గుయ్యిమని మోత, బల్లంతా వణుకుతుంది. రీలును నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి, మోత ఆగకముందే ఎత్తి బారెడు దూరం జరపాలి. ముందు మీట కట్టేసి తర్వాత రీలు తీస్తే టేపు మీద మచ్చ పడుతుంది, కొత్త కార్యక్రమంలో ‘టప్, టప్’ అని వినబడుతుంది. పెట్టె మీద అంటించిన చీటీలో పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాయడమే చివరి పని. ఒక్కో చీటీ మీద నాలుగైదు కొట్టివేతలు ఉండేవి. ఎవరెవరి పాటలు, ఎవరెవరి హరికథలు అలా పోయాయో తలచుకోను.

కృష్ణాతీరం

మూర్తి గారూ, బాగా చెప్పారు. అయినా ఒక పేచీ. ఖాళీలు, ఖాళీలు అంటున్నారు. ఆ ఖాళీ పడిన సాయంత్రం లండన్‌లో గిటార్లు పట్టుకుని కూర్చున్న బృందాలు వందల్లో ఉండి ఉంటాయి. వాళ్లెవరికీ ఫోను రాలేదేం? క్వీన్ వెనక ఈఎంఐ లాంటి కంపెనీ ఉంది. బీబీసీ వాళ్లతో రోజూ మాట్లాడే మనిషికి ఆ కంపెనీ జీతం ఇస్తోంది. అది అదృష్టమూ కాదు, మీరు చెప్పే ఖాళీల మహిమా కాదు. పలుకుబడి. మన దగ్గర రేడియోలో పాట రావాలన్నా, పత్రికలో పేరు రావాలన్నా ఇదే కదా తంతు. నేను కొన్నాళ్లు నాటక సమాజం నడిపాను, ఎవరికి ఫోను వస్తుందో ఎవరికి రాదో బాగా తెలుసు.

టేపుగది మూర్తి

కృష్ణాతీరం గారూ, మీ పేచీలో సగం న్యాయం ఉంది. ఫోను కంపెనీ ఉన్నవాడికే వస్తుంది. అయితే అదే కంపెనీ, అదే పలుకుబడి 1973 జూలైలోనూ ఉన్నాయి. మొదటి సింగిల్‌ను ఎక్కడికీ నెట్టలేకపోయాయి. ఏడు నెలల తర్వాత తేడా ఎక్కడ వచ్చింది? 1973 చివర్లో మాట్ ద హూపుల్ అనే బృందం వెంట ఊరూరా తిరిగి, పెద్ద హాళ్లలో వాళ్లకన్నా ముందు వాయించి వాయించి చేయి తిరిగింది. పాట సంగతి చూడండి. ‘సెవెన్ సీస్’ ముక్క ఒకటి మొదటి ఆల్బమ్ చివర మాటలు లేకుండా, సగంలో ఆగిపోయినట్టుగా ఉంటుంది. దాన్ని పట్టుకుని పూర్తి చేసి, నేరుగా మొదలై మూడు నిమిషాల్లో ముగిసేలా కుదించారు. టీవీ పాటకు ఉండవలసిన నిడివి అదే. మూడు నిమిషాల ఖాళీలో ఆరు నిమిషాల పాట పట్టదు కదా.

ఆ ఆరు నిమిషాల పాటే తర్వాత వచ్చింది. ‘బొహీమియన్ రాప్సొడీ’, 1975 అక్టోబర్ 31న విడుదల. నిడివి అయిదు నిమిషాల యాభై అయిదు సెకన్లు. మధ్యలో ఒపేరా, అంటే పాశ్చాత్య సంగీత నాటకం తీరు భాగం. ముగ్గురి గొంతులను పొర మీద పొరగా పేర్చి అంత గుంపు పాడినట్టు చేశారు. స్టూడియోలో నలుగురు నిలబడి దానికి నోరు కదిపితే చూసేవాడు నవ్వుతాడు. పైగా నవంబర్ 14న లివర్‌పూల్‌లో టూరు మొదలు. పాట చార్టులో పైకి పోతున్న వారాల్లోనే వీళ్లు ఏదో ఊళ్లో ఉంటారు, గురువారం కార్యక్రమానికి రాలేరు. అంటే ఈసారి ఖాళీ పడబోయేది వీళ్ల చోటే. అందులో ఎవరు దూరతారో వీళ్లకన్నా బాగా ఎవరికి తెలుసు?

అందుకని నవంబర్ 10న, ఎల్‌స్ట్రీ అనే ఊళ్లో టూరు కోసం సాధన చేస్తున్న చోటికే కెమెరాల వ్యాన్ తెప్పించుకున్నారు. దర్శకుడు బ్రూస్ గవర్స్. నాలుగు గంటల్లో చిత్రీకరణ, దాదాపు నాలుగున్నర వేల పౌండ్ల ఖర్చు. 20వ తేదీన ‘టాప్ ఆఫ్ ది పాప్స్’లో ఆ టేపు వేశారు. పాట తొమ్మిది వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. ప్రపంచంలో మొదటి మ్యూజిక్ వీడియో ఇదే అని రాస్తుంటారు, అది సరికాదు. బీటిల్స్ 1966లోనే ఫిల్ములు తీసి టీవీ కేంద్రాలకు పంపారు. బోవీ ఫిల్ము అందకపోవడం వల్లనే కదా వీళ్లకు పిలుపు వచ్చింది. క్వీన్ కూడా 1973లో తమ మొదటి పాటలకు ఫిల్ములు తీయించుకుంది. 1975 నాటి తేడా ఏమిటంటే, ఆ టేపు ఉండటం వల్ల బృందం ఊళ్లో లేకపోయినా ప్రతి వారమూ అదే పాట, అదే తీరులో ప్రసారమైంది. దాంతో కంపెనీలన్నింటికీ లెక్క అర్థమైంది.

ఒక చిన్న పక్కదారి. అదే నవంబర్‌లో మన రాష్ట్రంలో కొన్ని వందల పల్లెల్లో పంచాయతీ ఆఫీసు ముందు, బడి వరండాలో టీవీ పెట్టెలు వెలుగుతున్నాయి. అమెరికా ఉపగ్రహం ద్వారా ఏడాది పాటు నడిచిన సైట్ ప్రయోగం అది. పొలం పనులు, పిల్లల పెంపకం, ఆరోగ్యం గురించిన కార్యక్రమాలు. హైదరాబాద్‌కు సొంత టీవీ కేంద్రం రావడానికి ఇంకా రెండేళ్లు ఉంది, 1977లో వచ్చింది. పట్నాల కన్నా ముందు పల్లెలు టీవీ చూసిన విచిత్రం మనదే. ఆ పల్లెల్లో టీవీ చూసినవారు ఎవరైనా ఇక్కడ ఉంటే విడిగా ఒక చర్చ పెట్టండి, నేను తప్పక వస్తాను.

పలుకుబడి అన్నారు కాబట్టి ఇంకో ఉదంతం. 1976 డిసెంబర్ 1న లండన్‌లో థేమ్స్ టెలివిజన్ వారి ‘టుడే’ అనే సాయంత్రం కార్యక్రమానికి క్వీన్ రావలసి ఉంది. రాలేకపోయారు. ఫ్రెడ్డీకి పంటి డాక్టరు దగ్గర పని అని చెబుతారు. ఖాళీ. అదే ఈఎంఐ తన దగ్గరున్న ఇంకో బృందాన్ని పంపింది, సెక్స్ పిస్టల్స్. వ్యాఖ్యాత బిల్ గ్రండీ వాళ్లను రెచ్చగొట్టాడు, వాళ్లు ప్రత్యక్ష ప్రసారంలో బూతులు తిట్టారు. రెండు మూడు నిమిషాల వ్యవహారం. మరునాడు పత్రికలన్నీ మొదటి పేజీలో అదే వేశాయి. ఊరూరా వాళ్ల కచేరీలు రద్దు. 1977 జనవరిలోనే ఈఎంఐ వాళ్లను వదిలించుకుంది. దేశంలో ప్రతి ఇంట్లోనూ వాళ్ల పేరు తెలిసిపోయింది. అక్కడ పలుకుబడి ఏం సాధించిందంటారు?

కృష్ణాతీరం

పిస్టల్స్ దాకా లాక్కొచ్చి గెలిచేశానంటారు! సరే, సగం ఒప్పుకుంటున్నాను. తక్కిన సగానికి మాత్రం ఫోను చేసిన ఆ ఈఎంఐ మనిషికే దండం.

గిటారు చైతన్య

అందరికీ ధన్యవాదాలు. మూర్తి గారూ, మీ జవాబు మా మిత్రుడికి చదివి వినిపించాను. ‘అయితే ఆయన కూడా అదృష్టమనే అంటున్నాడు, కాకపోతే చాలాసార్లు వచ్చిందంటున్నాడు’ అన్నాడు. వాడితో వాదించలేను. ఇంకొక్క సందేహం. ఆ 1975 వీడియోలో ఫ్రెడ్డీ మొహం ఒకదాని వెనక ఒకటిగా దూరానికి పోతూ ఉంటుంది కదా, కంప్యూటర్లు లేని రోజుల్లో అది ఎలా చేశారు? మా బృందం పాటకు అలాంటిది ఇంట్లో చేయవచ్చా?

టేపుగది మూర్తి

చేయవచ్చు. మేం రాత్రి డ్యూటీలో పని లేనప్పుడు అదే ఆటగా ఆడేవాళ్లం. కెమెరాలో కనిపించేది మానిటర్లో వస్తుంది కదా. కెమెరాను ఆ మానిటర్ వైపే తిప్పితే మానిటర్లో మానిటర్, దానిలో ఇంకో మానిటర్, అలా లోపలికి పోతూ ఉంటుంది. కెమెరాను ఒక్క వేలెడు పక్కకు వంచితే ఆ వరస మెలి తిరుగుతుంది. వెలుతురు కాస్త పెంచితే అంచులు మండినట్టవుతాయి. ఎల్‌స్ట్రీలో ఫ్రెడ్డీ మొహానికి చేసింది అదే. అదే పాటలో ఒకే మొహం చుట్టూ అయిదారు మొహాలు గుండ్రంగా వచ్చేది మాత్రం వేరు, అది కెమెరా ముందు పలకలు పలకలుగా చెక్కిన గాజు పెట్టి తీసింది. రెండూ అక్కడికక్కడ కెమెరాతోనే చేశారు, తర్వాత ఎడిటింగులో అద్దినవి కావు.

మీ ఇంట్లో అయితే ఫోనును తీగతో టీవీకి కలపండి. కెమెరా తెరిచి టీవీ వైపు పట్టుకోండి. గదిలో దీపాలు ఆర్పేసి, పాడే మనిషి మొహం మీద మాత్రం ఒక పక్కనుంచి వెలుతురు పడనివ్వండి. ఆ మనిషి టీవీకీ ఫోనుకూ మధ్య, కొంచెం ఓరగా నిలబడాలి. ఇప్పటి ఫోన్లలో బొమ్మ టీవీకి చేరడం కాస్త ఆలస్యమవుతుంది. అందువల్ల తల తిప్పితే లోపలి మొహాలు ఒకదాని తర్వాత ఒకటి ఆలస్యంగా తిరుగుతాయి. అప్పటి కెమెరాలకు ఆ వెసులుబాటు లేదు, మీకది లాభమే. ఫోనును చేత్తో పట్టుకోకండి, వణుకు పదింతలై కనిపిస్తుంది. స్టాండు లేకపోతే కుర్చీ వీపుకు కట్టేయండి. ఫోను మైకు శబ్దం కూడా టీవీకి వెళుతుంటే టీవీ శబ్దం పూర్తిగా తగ్గించడం మరవకండి, లేకపోతే కీచుమని అరిచి ఇరుగుపొరుగు తలుపు తడతారు.